చంటిబిడ్డను పండబెట్టే పద్ధతి: తొట్టెల నుంచి బొంత దాకా మొదటి ఏడాది జాగ్రత్తలు

కాన్పయిన ఇంటికి వచ్చినవాళ్లంతా బిడ్డ పక్కలోకి ఏదో ఒకటి తెస్తారు. ఆవాల మెత్త (ఆవాలు నింపిన దిండు), అటొకటి ఇటొకటి పెట్టే చిన్న బాలీసులు, బొచ్చు దుప్పటి, ఉన్ని కుల్లా, మెత్తటి బొమ్మ. ప్రేమతో తెచ్చినవే. కానీ బిడ్డ నిద్ర క్షేమంగా ఉండాలంటే కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. పక్కలోంచి తీసేయాల్సినవే ఎక్కువ. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ అర్థమైతే కింద చెప్పేవన్నీ తేలిగ్గా కుదురుతాయి.

నిద్రలో ప్రాణం ఎందుకు పోతుంది

ఆరోగ్యంగా పాలు తాగి పడుకున్న బిడ్డ నిద్రలోనే చనిపోయి, పోస్టుమార్టం చేసినా, పడుకున్న చోటు పరిశీలించినా కారణం దొరకకపోతే డాక్టర్లు దాన్ని సిడ్స్ అంటారు. ఏడాది లోపు పిల్లల విషయంలోనే ఈ మాట వాడతారు. రెండో నెల నుంచి నాలుగో నెల దాకా ప్రమాదం ఎక్కువ. పదింట తొమ్మిది మరణాలు ఆరు నెలలు నిండకముందే జరుగుతాయి. ఇవి కాక, మెత్తటి పరుపులో ముఖం కూరుకుపోయో, పెద్దల ఒంటి కింద పడో, గుడ్డ మెడకు చుట్టుకునో ఊపిరాడక పోయే ప్రాణాలు వేరే ఉన్నాయి. ఈ రెండో రకాన్ని పూర్తిగా ఆపవచ్చు. మొదటి దాన్ని పూర్తిగా ఆపలేం, కానీ ముప్పును బాగా తగ్గించవచ్చు. ఊళ్లలో ఈ రెంటినీ కలిపి 'గాలి సోకింది', 'పాలు పొలమారినయి' అనేస్తారు. దాంతో అసలు కారణం ఏమిటో ఎవరూ చూడరు, తల్లి మీద మాత్రం నింద పడుతుంది.

బిడ్డ ముఖం మెత్తటిదానికి ఒత్తుకున్నప్పుడు తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. పెద్దవాళ్లమైతే ఉలిక్కిపడి లేస్తాం. కొందరు పసిపిల్లల్లో మెదడు కింది భాగంలో ఉండే ఆ మేలుకొలుపు వ్యవస్థ సరిగ్గా పనిచేయదు. అలాంటి బిడ్డ తల తిప్పదు, ఏడవదు. ఏ బిడ్డలో ఈ లోపం ఉందో పైకి చూసి చెప్పలేం. అందుకే ఈ జాగ్రత్తలు ప్రతి బిడ్డకూ, ప్రతి నిద్రకూ. పగటి కునుకు కూడా నిద్రే.

మొదటి పని: వెల్లకిలా పండబెట్టడం

బోర్లా వద్దు, పక్కకు తిప్పి కూడా వద్దు. పక్కకు పండబెట్టిన బిడ్డ చాలా తేలిగ్గా బోర్లా దొర్లిపోతుంది. 1990ల మొదట్లో న్యూజిలాండ్, బ్రిటన్, ఆ తర్వాత 1994లో అమెరికా వెల్లకిలా పండబెట్టమని దేశమంతా ప్రచారం చేశాయి. అమెరికాలో పదేళ్లలోనే సిడ్స్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. కొత్త మందు, కొత్త యంత్రం ఏదీ లేకుండా పడుకునే తీరు మార్చినందుకే ఇంత తేడా వచ్చింది.

'వెల్లకిలా పడుకుంటే పాలు కక్కి ఊపిరితిత్తుల్లోకి పోతాయి కదా' అని అమ్మమ్మ, నాయనమ్మ తప్పకుండా అడుగుతారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, అన్నం దిగే గొట్టం దాని కింద, వీపు వైపు ఉంటుంది. పైకి వచ్చిన పాలు గాలిగొట్టంలో పడాలంటే ఎత్తెక్కాలి. బోర్లా ఉన్నప్పుడు ఇది తారుమారవుతుంది. పాలు నేరుగా గాలిగొట్టం మూతి దగ్గర నిలుస్తాయి. కక్కే అలవాటున్న పిల్లలకూ వెల్లకిలే మంచిది. పాలు పట్టాక భుజాన వేసుకుని పది, పదిహేను నిమిషాలు తేన్పు వచ్చేలా వీపు నిమిరి, ఆ తర్వాత పండబెట్టండి. తల వైపు ఎత్తుగా ఉండాలని మెత్త పెట్టడం, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టడం వద్దు. ఏటవాలులో బిడ్డ కిందికి జారి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గొంతు దగ్గర గాలిదారి మడత పడుతుంది.

రోజూ వెల్లకిలా పడుకునే బిడ్డను ఎవరైనా ఒక్కరోజు బోర్లా వేస్తే ప్రమాదం మామూలు కంటే చాలా ఎక్కువ. ఆ బిడ్డకు బోర్లా పడుకుని తల ఎత్తే అలవాటు ఉండదు. మన దగ్గర మొదటి కాన్పు తల్లిగారింట్లో, తర్వాత అత్తగారింట్లో మకాం, మధ్యలో చుట్టాల పెళ్లిళ్లు. మనుషులు మారతారు, పద్ధతి మారుతుంది. బిడ్డను ఎవరి చేతికి ఇచ్చినా 'వెల్లకిలనే పండబెట్టు' అని ప్రతిసారీ చెప్పండి. చిన్న మేనత్తకైనా, పక్కింటి పిన్నికైనా మొహమాటపడకండి.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ తనంతట తాను బోర్లా పడటం, తిరిగి వెల్లకిలా తిరగడం రెండూ నేర్చుకుంటుంది. అప్పుడు కూడా పండబెట్టేది వెల్లకిలే. నిద్రలో తానే తిరిగితే రాత్రంతా లేచి సరిచేయక్కర్లేదు. అయితే పక్కలో ఏమీ ఉండకూడదు.

పక్క ఎలా ఉండాలి

గట్టిగా, చదునుగా, ఖాళీగా ఉండాలి.

పాత చీరలతో ఇంట్లో కుట్టిన పలుచని బొంత ఈ పనికి చాలా బాగుంటుంది. చాప మీద రెండు మడతలు చాలు, ముడతలు లేకుండా లాగి పరవాలి. పరుపు వాడితే అరచేత్తో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పైకి లేవాలి. చేతి గుంట అలాగే మిగిలితే అది పసిబిడ్డకు పనికిరాదు. కొత్త స్పాంజి పరుపులు, దూది బాగా నింపిన మెత్తటి పరుపులు ఇక్కడే తేలిపోతాయి. తెలంగాణ సర్కారు దవాఖానాల్లో కాన్పయిన తల్లులకు ఇచ్చేలా 2017లో మొదలైన కేసీఆర్ కిట్ నుంచి ఎన్నో ఇళ్లకు దోమతెరతో చిన్న పరుపు చేరింది. బజారులోనూ గొడుగులా ముడుచుకునే రకం దొరుకుతుంది. దోమతెర మంచిదే. దాంతోపాటు వచ్చే మెత్తను మాత్రం తీసి బయట పెట్టండి. పరుపు మరీ మెత్తగా ఉంటే తెరను మాత్రం వాడి, కింద బొంత వేయండి.

ఆవాల మెత్త గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది లేని ఇల్లు అరుదు. తల గుండ్రంగా రావాలని పెడతారు. తల ఒకవైపు చదునయ్యేది బిడ్డ ఎప్పుడూ ఒకే వైపు తిరిగి పడుకోవడం వల్ల. ఈ రోజు తల తూర్పుకు పెడితే రేపు పడమరకు పెట్టండి. వెలుతురు, తల్లి గొంతు ఎటుంటే బిడ్డ అటే తల తిప్పుతుంది కాబట్టి ఒత్తిడి రెండు వైపులా సమానంగా పడుతుంది. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెడితే వెనక తలకు ఒత్తిడి తగ్గుతుంది, మెడ బలపడుతుంది. మొదట రోజుకు రెండు మూడు సార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు. ఏడో వారానికి రోజు మొత్తం మీద పదిహేను నుంచి ముప్పై నిమిషాలు వచ్చేలా పెంచండి. ఆ సేపంతా ఒక మనిషి ఎదురుగానే ఉండాలి. బిడ్డ కునికితే వెంటనే వెల్లకిలా తిప్పాలి.

ఏడాది దాకా బిడ్డ పక్కలో మెత్త, బాలీసు, మందపు దుప్పటి, గొంగడి, బొమ్మ, విడిగా మడిచిన గుడ్డ ఉండొద్దు. మేలైన పాలమూరు గొంగడి అయినా సరే, కింద పరిచినా మీద కప్పినా దాని బొచ్చులో ముఖం ఒత్తుకుంటే గాలాడదు. ఈగలు వాలతాయని, దిష్టి తగులుతుందని ముఖం మీద పలుచని గుడ్డ కప్పడం మన ఇళ్లలో మామూలు. పలుచనిదైనా తడిస్తే ముక్కుకు అంటుకుంటుంది. ఈగలకు దోమతెరే సరైన ఉపాయం. మెడలో తాయెత్తు, నల్లదారం ఉంటే తీసి మొలకో, కాలికో కట్టండి. నమ్మకం నమ్మకంగానే ఉంటుంది, మెడకు ఉరి పడే భయం ఉండదు. ఫోను చార్జర్ వైరు, కూలర్ వైరు, కర్టెన్ తాడు బిడ్డ చేతికి అందకుండా కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి.

కటకటాల మంచం కొంటే కమ్మీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లకు మించకూడదు. పరుపుకూ మంచం అంచుకూ మధ్య రెండు వేళ్లు దూరేంత కంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు.

ఏ గదిలో, ఎవరి పక్కన

తల్లి పడుకునే గదిలోనే, చేయి చాపితే అందేంత దూరంలో, కానీ వేరే పక్క మీద. కనీసం ఆరు నెలలు ఇలా ఉండాలి. రాత్రి పాలివ్వడం తేలికవుతుంది, బిడ్డ కదలిక వినిపిస్తుంది. తల్లిపాలు కూడా సిడ్స్ ముప్పును తగ్గిస్తాయి.

నులక మంచం, నవారు మంచం పసిబిడ్డకు పనికిరావు. మధ్యలో కుంగుతాయి. తల్లి బరువుకు గుంట పడి బిడ్డ ఆమె వైపు దొర్లుతుంది. సోఫా అన్నిటికంటే ప్రమాదం. బిడ్డను ఛాతీ మీద వేసుకుని సోఫాలో కునుకు తీసే తండ్రులు ఇది గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. బిడ్డ సందులోకి జారితే తెలియదు.

నేల మీద పండబెట్టడం నిజానికి చాలా మేలు. కింద పడే భయం లేదు, గట్టిగా ఉంటుంది. మన తెలంగాణలో దీనికున్న చిక్కు ఒక్కటే: తేళ్లు, వానాకాలంలో కట్లపాములు. కాబట్టి నేల మీదైతే తల్లీబిడ్డలిద్దరికీ పట్టే పెద్ద దోమతెర కట్టి, అంచులు చుట్టూ బొంత కిందికి గట్టిగా మడవాలి. అది కుదరకపోతే చెక్క పలక వేసిన వెడల్పాటి మంచం, దాని మీద పలుచని బొంత.

చాలా ఇళ్లలో గది ఒక్కటే, అందరూ ఒకే వరుసలో పడుకుంటారు. అప్పుడు ఇలా సర్దుకోండి:

1. బిడ్డకు విడిగా చిన్న బొంత, తల్లి బొంతను ఆనుకుని కాకుండా జానెడు ఎడంగా.
2. తల్లీతండ్రుల మధ్యలో కాదు, తల్లికి అవతలి వైపు. గోడకు ఆనించవద్దు, ఆ సందులో ఇరుక్కుంటుంది.
3. పెద్ద పిల్లలు బిడ్డ పక్కన పడుకోవద్దు. నిద్రలో వాళ్లకు ఒళ్లు తెలియదు.
4. తల్లి దుప్పటి నడుము దాకే. కొంగు దోపుకోవాలి, పొడవు జడ ముడి వేసుకోవాలి.
5. పాలిస్తూ నిద్ర ముంచుకొచ్చేలా ఉంటే కూర్చున్న కుర్చీలోకంటే ఈ ఖాళీ పక్క మీద పడుకుని ఇవ్వడమే నయం. మెలకువ రాగానే బిడ్డను తన బొంత మీదికి మార్చాలి.

ఈ సర్దుబాటు కూడా పనికిరాని సందర్భాలున్నాయి. బిడ్డ నెలలు నిండకుండా అంటే 37 వారాల లోపు పుడితే, పుట్టినప్పుడు రెండున్నర కిలోల లోపు ఉంటే, నాలుగు నెలల లోపు వయసైతే, పక్కనున్నవాళ్లలో ఎవరైనా బీడీ తాగితే, కల్లో సారో తాగినా నిద్రమాత్ర వేసుకున్నా ఒకే పక్క అసలు వద్దు. ఆపరేషన్ కాన్పు తర్వాత మొదటి రోజుల్లో వార్డులో ఇరుకు మంచం, నొప్పి మందుల మత్తు, రెండు రాత్రుల నిద్రలేమి కలుస్తాయి. పాలు పట్టేంతసేపు మేలుకుని కనిపెట్టుకుని ఉండే ఒక ఆడమనిషి పక్కన ఉండేలా చూసుకోండి.

తొట్టెల, చీర ఉయ్యాల

21వ రోజు తొట్టెలలో వేసే వేడుకకు ఏ అడ్డూ లేదు. ఇబ్బంది అందులో గంటల తరబడి నిద్రపుచ్చడంతోనే. చీర ఉయ్యాలలో బిడ్డ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, రెండు వైపుల గుడ్డ ముఖాన్ని మూస్తుంది. మెడ నిలవని మూడు నాలుగు నెలల లోపు ఇది మరీ ప్రమాదం. పత్తి ఏరేటప్పుడు, మిరప కోసేటప్పుడు చేను గట్టున చెట్టుకు కట్టిన ఉయ్యాలలో బిడ్డ దూరంగా, కనబడకుండా ఉంటుంది. వలస వెళ్లిన చోట, కట్టడాల దగ్గర కూడా అంతే.

ఊపకపోతే నిద్రపోని బిడ్డ ఉంటుంది, నిజమే. అప్పుడు ఊపి జోకొట్టి, నిద్ర పట్టగానే ఎత్తి చదునైన పక్క మీద వెల్లకిలా మార్చండి. ఉయ్యాలకు పై భాగంలో గుడ్డ రెండు అంచుల మధ్య అడ్డంగా ఒక కర్ర పెడితే గుడ్డ ముఖం మీద మూసుకోదు. అయినా అది నిద్రకు తగిన చదును పక్క మాత్రం కాదు. అడుగు భాగం నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. దూలం, కొమ్మ, ముడి రోజూ లాగి చూడాలి. ఉయ్యాల తాడును మెలిపెట్టి తిప్పే ఆట పెద్ద పిల్లలతో ఆడించవద్దు. బిడ్డ దొర్లడం మొదలుపెట్టిన రోజు ఉయ్యాల విప్పేయాలి. చేను దగ్గరైతే గట్టు మీద నీడలో చాప, బొంత, తెర, ఒక పెద్దమనిషి కాపలా. కూలి డబ్బు కొంత పోయినా ఆ కాపలా మనిషి ఉండాల్సిందే.

ఎండ, చలి, బట్టలు

మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఒళ్లు మరీ వేడెక్కడం కూడా సిడ్స్ ముప్పును పెంచుతుంది. ఎండాకాలం పలుచని కాటన్ జుబ్బా ఒక్కటి చాలు. చలికాలం మీరు వేసుకున్నదానికంటే ఒక్క పొర ఎక్కువ. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని పొరల మీద పొరలు వేస్తారు. పసిపిల్లల చేతులు మామూలుగానే చల్లగా ఉంటాయి. చూడాల్సింది మెడ వెనక, ఛాతీ మీద. అక్కడ చెమట పట్టినా, వేడిగా తగిలినా ఒక పొర తీయండి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు కుల్లా వద్దు. పిల్లలు తల నుంచే ఎక్కువ వేడి వదులుతారు, పైగా కుల్లా జారి ముక్కు మీదికి వస్తుంది.

ఫ్యాన్ తిరగనివ్వండి. కూలర్ గాలి నేరుగా తగలకూడదు, కిటికీ తీసి ఉంచాలి, లేకపోతే గది ఉక్కబోస్తుంది. కరెంటు పోతే పొరలు తీసి విసనకర్ర అందుకోండి. ఆరు నెలల లోపు ఎంత ఎండ అయినా నీళ్లు పట్టక్కర్లేదు, తల్లిపాలు ఇంకొన్నిసార్లు ఇవ్వండి.

పొత్తిళ్లలో చుట్టాలనుకుంటే ఛాతీ దగ్గర మీ రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. తొడలు కప్పకాళ్లలా వంగేలా కింద ఇంకా వదులు. చుట్టిన బిడ్డను ఎప్పుడూ వెల్లకిలే. దొర్లే లక్షణం కనబడగానే చుట్టడం ఆపేయాలి.

పొగ, కల్లు

కడుపుతో ఉన్నప్పటి నుంచే బీడీ, చుట్ట, సిగరెట్ పొగ బిడ్డకు హాని. పుట్టాక గడప అవతల తాగినా, వెంటనే వచ్చి బిడ్డను ఎత్తుకుంటే బట్టలకు పట్టిన పొగ దగ్గరికి వస్తుంది. చొక్కా మార్చుకుని చేతులు కడుక్కోవాలి. స్నానం పోశాక తల ఆరాలని సాంబ్రాణి గిన్నె మీద బిడ్డను పట్టడం మానేయండి. మెత్తటి తువ్వాలతో తుడిస్తే ఆ నాలుగు వెంట్రుకలు క్షణంలో ఆరతాయి. దోమల చక్రం బదులు తెర. చలికాలం బాలింత గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టడం తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు.

కల్లు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. పండక్కి, పుట్టువెంట్రుకలకు తాగడం ఇక్కడ మామూలే. కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కేసులు ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో పలుమార్లు బయటపడ్డాయి. అలాంటి కల్లు తాగిన మనిషికి పక్కనున్న బిడ్డ మీద చేయి పడ్డా మెలకువ రాదు. తాగిన రాత్రి ఆ మనిషి వేరే గదిలోనో, వాకిట్లోనో పడుకోవాలి. బిడ్డ ఏడుపు ఆపడానికి చుక్క కల్లు నాకించడం, డాక్టరు చెప్పని దగ్గు మందు పోయడం ఎన్నడూ చేయొద్దు.

టీకాలు, తక్కువ బరువు పిల్లలు

ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే టీకాలు సరిగ్గా సిడ్స్ ఎక్కువగా ఉండే వయసులో వస్తాయి. అందుకే 'సూది వల్లే' అనే అనుమానం పుడుతుంది. టీకాలు దీనికి కారణం కాదు. వేయించుకున్న పిల్లల్లో ముప్పు తక్కువని తేలింది. తక్కువ బరువు బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి పెట్టే కంగారూ పద్ధతి మంచిదే. అయితే బిడ్డ ముక్కు, నోరు కనిపిస్తూ ఉండాలి, గడ్డం ఎత్తి ఉండాలి, తల్లికి కునుకు వస్తే ఇంకొకరు చూస్తుండాలి. ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తుంది. ఆమెను పిలిచి పండబెట్టే చోటు చూపించండి.

ఊపిరి ఆగినట్టు అనిపిస్తే

నిద్రలో ఐదు పది సెకన్లు ఊపిరి నిలిచి మళ్లీ గబగబా తీయడం చిన్న పిల్లల్లో మామూలే. ఇరవై సెకన్లు దాటినా, పెదవులు నీలంగా మారినా, ఒళ్లు జావగారినా అది ప్రమాదం.

అరికాలు గట్టిగా తట్టి పిలవండి. స్పందన లేకపోతే, ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోను చేయాలి. ఒంటరిగా ఉంటే ఫోను స్పీకర్లో పెట్టండి. బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా ఉంచి, తలను వెనక్కి విరవకుండా నిటారుగా పెట్టండి. రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టి, చనుమొనల గీతకు కొద్దిగా కింద, ఛాతీ మధ్య ఎముక మీద రెండు బొటనవేళ్లతో నాలుగు సెంటీమీటర్ల లోతు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు వేగం ఉండాలి. 30 నొక్కుళ్లు అయ్యాక మీ నోటితో బిడ్డ ముక్కు, నోరు రెండూ కలిపి మూసి, బుగ్గల్లో పట్టేంత గాలితో రెండుసార్లు మెల్లగా ఊదండి, ఛాతీ లేవాలి. మళ్లీ 30, మళ్లీ 2. అంబులెన్స్ వచ్చేదాకా, లేదా బిడ్డ ఊపిరి తీసేదాకా ఆపవద్దు. తలకిందులుగా పట్టి ఊపడం, నీళ్లు చల్లడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి.

బిడ్డ తేరుకుని ఏడ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఎలా పడుకుని ఉంది, కింద ఏముంది, ఆఖరిసారి పాలు ఎప్పుడు తాగింది, ఎంతసేపు ఊపిరి ఆగినట్టుంది, రంగు ఎలా మారింది, ఈ ఐదూ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.